వంద వాట్ల అంకమ్మ

అంకమ్మ పెరట్లో కూర్చుని నానిన మినప్పప్పు కడుగుతోంది. పొట్టు పైకి తేలగానే ఒంపేస్తోంది, మళ్ళీ నీళ్ళు పోస్తోంది. మూడోసారి నీళ్ళు పోసేసరికి ముగ్గురు మనుషులు వీధి గుమ్మంలోంచి నేరుగా పెరట్లోకి వచ్చేశారు. వచ్చినవాళ్ళు ఆమెను పలకరించలేదు. ఒకాయన గోడను వేళ్ళతో తట్టి చూశాడు. ఒకాయన టేపు సాగదీశాడు. కళ్ళజోడాయన ఇంటి కప్పు వంక చూస్తూ, "ఈ గృహానికి సబ్‌స్టేషన్ ఎంత దూరం?" అని అడిగాడు.

"నాలుగిళ్ళ అవతల సార్," అన్నాడు టేపు పట్టుకున్నతను.

"శ్రేష్ఠం."

"ఎవరయ్యా మీరు? పప్పు మీద దుమ్ము పడతా ఉంది, కొంచెం అవతలికి జరగండి," అంది అంకమ్మ.

అప్పుడు చూశారు వాళ్ళు ఆమెను. కళ్ళజోడాయన పేరు పరాంకుశరావు. సోమరాజుపేటలో కొత్తగా వెలసిన పట్టణ ఉమ్మడి సర్వర్ గృహ సంస్థకు డైరెక్టరు. టేపు పట్టుకున్నతను ఆ సంస్థ ఇంజనీరు కౌండిన్య. గోడ తట్టినాయన దానికి కాపలాదారు మస్తాను. సంస్థకు బోర్డు ఉంది, రబ్బరు స్టాంపు ఉంది, జీపు ఉంది. గృహం ఒక్కటే లేదు.

"సర్వరంటే ఏంది నాయనా?" అని అంకమ్మ కౌండిన్యను అడిగింది.

"పెద్ద కంప్యూటరమ్మా. కంపెనీల వివరాలన్నీ దాంట్లోనే ఉంటాయి. ఎవరు ఎప్పుడు అడిగినా జవాబు చెప్పాలి, అందుకని రేయింబవళ్ళు ఆగకుండా నడవాలి. నడిస్తే వేడెక్కుద్ది. వేడెక్కితే ఆగుద్ది."

"మరి ఎవరిది వాళ్ళు ఇంట్లో పెట్టుకోవచ్చు గదా?"

పరాంకుశరావు చటుక్కున ఇటు తిరిగాడు. హైదరాబాదులో మూడు రోజుల సదస్సుకు వెళ్ళి వచ్చిన దగ్గర్నుంచి ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారేమోనని పదిహేను రోజులుగా కాచుకుని ఉన్నాడు. ఇంట్లో భార్య అడగలేదు. ఆఫీసులో ఎవరూ అడగలేదు.

"అమ్మా, అది మౌలికమైన ప్రశ్న," అన్నాడు. "ప్రతి వ్యాపారీ విడివిడిగా ఏసీ పెట్టుకుని, విడివిడిగా జనరేటరు కొనుక్కుని, విడివిడిగా కాపలా పెట్టుకుంటే ఏమవుతుంది? వృథా! అందరి సర్వర్లూ ఒకే కప్పు కింద ఉన్నచో ఒకే చల్లదనం, ఒకే కాపలా, రెండు కరెంటు లైన్లు. ఒకటి పోయినచో రెండవది. మహానగరములలో మహా సంస్థలన్నీ ఇదే విధానమును అవలంబించుచున్నవి."

ఆ మాటల్లో తప్పేమీ లేదు. పదిమంది ఒక బావి తవ్వుకున్నట్టే గదా అనుకుంది అంకమ్మ. ఆమె ఒంటరి మనిషి. వడియాలు, ఊరమిరపకాయలు పెట్టి అంగళ్ళకు వేస్తుంది. ఉన్నవి మూడు గదులు, వంటిల్లు. ముందు రెండు గదులు అద్దెకిస్తే నష్టమేమీ లేదు. వెనక గది మాత్రం ఇవ్వనంది.

"మా అమ్మాయి వాసంతికి ఇప్పుడు ఆరో నెల. తొలి కానుపు. రోహిణి కార్తె ఎండల్లో పురిటికి వస్తది. ఆ గది దానికి."

"చల్లగాలి గొట్టం ఒకటి ఆ గదిలోకి కూడా పెట్టిస్తాం," అన్నాడు పరాంకుశరావు ఉదారంగా. "రోహిణి కార్తెలో మీ అమ్మాయికి దుప్పటి కావాలి, చూడండి."

అంకమ్మ చేతులు కడుక్కుని సంతకం పెట్టింది.

* * *

ఊళ్ళో లైసెన్సున్న ప్రతి వ్యాపారీ నెలాఖరులోగా తన సర్వరును ఉమ్మడి గృహములో చేర్చవలెననీ, చేర్చనిచో లైసెన్సు రెన్యువల్ కాదనీ మర్నాడే దండోరా వేయించారు. మొత్తం యాభై చేరాలన్నది లక్ష్యం. యాభయ్యే ఎందుకంటే పరాంకుశరావు రాసిన నివేదికలో యాభై అని ఉంది.

చిక్కేమిటంటే, సోమరాజుపేట వ్యాపారుల్లో ఎవరికీ సర్వరు లేదు. అక్కడ పొగాకు కొట్లున్నాయి, రైసుమిల్లు ఉంది, రెండు టిఫిను హోటళ్ళు, ఒక ప్రైవేటు కాలేజీ, నాలుగు మంగలి షాపులు ఉన్నాయి. కానీ లైసెన్సు అందరికీ కావాలి. లేనిదాన్ని ఎలా చేర్చాలన్న సందేహం ఎవరికీ రాలేదు. ప్రభుత్వం అడిగినప్పుడు ఏదో ఒకటి ఇవ్వాలన్నది మాత్రం ఊరందరికీ తెలుసు.

కాలేజీవాళ్ళు ఎలుకలు లోపలంతా కొరికేసిన కంప్యూటరు పంపారు. హోటలాయన పాత టీవీ తెచ్చాడు. మంగలి సుబ్బారాయుడు ఆగిపోయిన రేడియోకు ఆకుపచ్చ రంగు వేయించి తెచ్చాడు. పొగాకు వ్యాపారి బసవపున్నయ్య రెండు తాళాలు వేసిన ఇనప్పెట్టెను రిక్షాలో పంపి, దాని వెనకే స్కూటరు మీద వచ్చాడు.

మస్తాను పెట్టె దించబోయి ఆగాడు. "ఏందయ్యా షావుకారూ, బరువే లేదు?"

"గుట్టుకు బరువేందిరా? తేలిగ్గానే ఉంటది." బసవపున్నయ్య అతని చెవి దగ్గరికి వంగాడు. "ఆ చెన్నకేశవులు పెట్టె ఎక్కడ పెట్టావు? నాది దాని పక్కన పెట్టమాక. నా యాపారమంతా తెచ్చి వాడి యాపారం పక్కన పడుకోబెట్టడానికి నాకేమన్నా పిచ్చా?"

"ఆయన గూడా ఇదే మాటన్నాడు. ఆయన పెట్టె గూడా తేలిగ్గానే ఉంది."

కౌండిన్య మొదటి రెండు పెట్టెలు తెరిచి చూశాడు. మూడోది తెరవలేదు. ఫారంలో పొడవు, వెడల్పు, ఎత్తు, యజమాని పేరు రాయడానికి గడులున్నాయి. పనిచేస్తుందా లేదా అని రాయడానికి గడి లేదు. లేని గడిని అతను నింపలేడు గదా.

అలా నలభై ఏడు చేరాయి. రిబ్బను కత్తిరించారు. నాలుగు ఏసీలు పద్దెనిమిది డిగ్రీల దగ్గర మోత మొదలుపెట్టాయి. ఇనప అరల్లో పాత టీవీ, ఆకుపచ్చ రేడియో, రెండు తాళాల పెట్టె మంచులో పెట్టిన చేపల్లా చల్లబడ్డాయి.

* * *

మొదటి సర్క్యులర్ తాలింపు మీద వచ్చింది.

ఆ రోజు అంకమ్మ పప్పుచారులో ఎండుమిరపకాయ వేసింది. గోడకు బిగించిన, పొగను పసిగట్టే యంత్రం ఊరంతా వినబడేలా కూసింది. పక్క ఊరి నుంచి ఫైరింజను వచ్చింది. ఫైరు ఆఫీసరు వంటింట్లోకి తొంగిచూసి, నాలుగు తుమ్ములు తుమ్మి, 'ప్రమాదము అదుపులోనికి వచ్చినది' అని రాసుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రానికల్లా మస్తాను కాగితం పట్టుకుని వచ్చాడు.

"అక్కా, తాలింపు నిషేధం."

"మరి చారెట్టా కాయను?"

"కాయొచ్చంట. తాలింపు మటుకు వీధిలో పెట్టుకుని, చల్లారినాక లోపలికి తేవాలంట."

రెండో సర్క్యులర్ తేమ మీద. తడిబట్టలు ఆరెయ్యకూడదు. డాబా మీద ఏసీల పెట్టెలున్నాయి గనుక వడియాలు పెట్టకూడదు. అంకమ్మ పిండి గిన్నె నెత్తిన పెట్టుకుని ఎదురింటి డాబాకు వెళ్ళడం మొదలుపెట్టింది. మూడోది ద్రవపదార్థాల మీద. గృహమునందు నీళ్ళు, మజ్జిగ, కాఫీ ఉండరాదు. దాహమైనప్పుడు ఆమె వీధి అరుగు మీదికి వచ్చి తాగి లోపలికి పోయేది. చెంబు మస్తాను కుర్చీ కింద ఉండేది.

నాలుగోది రిజిస్టరు. లోపలికి ఎవరు వెళ్ళినా పేరు, వచ్చిన పని రాయాలి.

"ఏం పని మీద వచ్చావక్కా?" అన్నాడు మస్తాను పెన్ను పట్టుకుని.

"మా ఇంటికొచ్చా."

"ఆ గడి లేదక్కా. తనిఖీ, మరమ్మతు, సందర్శన. మూడే ఉన్నాయి."

"నీకేది తోస్తే అది రాసుకో."

అతను సందర్శన అని రాశాడు. నీళ్ళకూ, తాలింపుకూ, వడియాలకూ అంకమ్మ ఆ నెలలో తన ఇంటిని రెండువందల పన్నెండుసార్లు సందర్శించింది. 'మన సర్వర్ గృహము పట్ల ప్రజలలో అపూర్వమైన ఆసక్తి వ్యక్తమగుచున్నది. ఒక్క నెలలో రెండువందల పన్నెండుమంది సందర్శకులు' అని పరాంకుశరావు పైకి నివేదిక పంపాడు. పైనుంచి అభినందన వచ్చింది.

అభినందనతో పాటు ఒక కొత్త థర్మామీటరు కూడా వచ్చింది. దాంట్లో పద్దెనిమిది పాయింటు నాలుగు చూపించింది. ఉండవలసినది పద్దెనిమిది. ఆ నాలుగు పాయింట్లు ఎక్కడివని సంస్థ అంతా వెతికింది. సర్వర్లను ఒక్కొక్కటే తాకి చూశారు. అన్నీ చల్లగా ఉన్నాయి. నలభై ఏడు సర్వర్లు రెండు నెలలు నడిచి కూడా ఇంత చల్లగా ఉన్నాయంటే ఏర్పాట్లు ఎంత గొప్పవోనని పరాంకుశరావు మురిసిపోయాడు. చివరకు కౌండిన్య థర్మామీటరు పట్టుకుని గది గదీ తిరిగి, చాప మీద పడుకుని ఉన్న అంకమ్మ దగ్గర ఆగాడు.

మర్నాడు నోటీసు వచ్చింది.

'మీకు తెలియజేయునది ఏమనగా, శాస్త్రరీత్యా మానవ శరీరము సుమారు వంద వాట్ల వేడిని విడుదల చేయును. మీరు ఏ సంస్థ యొక్క వివరములను భద్రపరచుట లేదు. కావున మీ నుండి వెలువడు వంద వాట్లు నిష్ప్రయోజనకరమైన వేడిగా నిర్ధారించడమైనది. ఏడు దినములలోగా తమరి వేడిని గృహము నుండి తరలించవలెను.'

మస్తాను చదవడం ముగించి తల వంచుకున్నాడు. "నన్ను తిట్టమాక అక్కా."

"నిన్నెందుకు తిడతాను? వాసంతి ఎప్పుడొస్తంది, శుక్రవారం గదా?"

"అవునక్కా. ఎనిమిదో రోజు."

* * *

అంకమ్మ సంస్థ ఆఫీసుకు వెళ్ళింది. పరాంకుశరావు ఆమెను కూర్చోమన్నాడు. ఆయన మర్యాదస్తుడు.

"సార్, వెనక గది మా అమ్మాయికని ముందే చెప్పాను. మీరు సరేనన్నారు. గాలిగొట్టం కూడా పెట్టించారు."

"అన్నాను. కానీ అప్పటికి థర్మామీటరు రాలేదు."

"తొమ్మిదో నెల పిల్ల సార్. దాని అత్తగారింట్లో చూసే దిక్కులేకనే గదా నా దగ్గరికి వస్తంది. ఇంకెక్కడ ఉంచమంటారు?"

"మీ బాధ అర్థమైంది. కానీ నిబంధన ఏమంటున్నది? రిజిస్టరైన పరికరములు మాత్రమే గృహమునందు ఉండవచ్చును. నిబంధనకు కూతుళ్ళు, అల్లుళ్ళు ఉండరు గదమ్మా."

అంకమ్మ కుర్చీలోంచి లేచింది. "అయితే నన్నూ పరికరం కింద రాసుకోండి. ఆ ఎలకలు తిన్న డబ్బాలకంటే తీసిపోయానా? పిలిస్తే పలుకుతాను గదా!"

వేరే ఆఫీసులో అయితే నవ్వేవాళ్ళు. పరాంకుశరావు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. గంట కొట్టి కౌండిన్యను పిలిచాడు.

"నలభై ఏడు దగ్గర మన సంఖ్య ఎన్ని రోజులుగా ఆగి ఉంది?"

"రెండు నెలలు సార్. ఊళ్ళో ఇంకెవరూ మిగల్లేదు."

"ఈవిడ వేడి విడుదల చేస్తుంది. పిలిస్తే జవాబిస్తుంది. వడియాల వ్యాపారం వివరములు ఈవిడ లోపలే ఉన్నాయి. నిర్వచనములో ఏది లోపించింది?"

కౌండిన్య నిర్వచనం తెప్పించుకుని రెండుసార్లు చదివాడు. ఏదీ లోపించలేదు.

అక్కడికక్కడే ఫారం నింపారు. ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. విద్యుత్తు సరఫరా అన్న గడిలో రెండు పూటల అన్నం, ఒక టీ. సరఫరా ఆగినచో ప్రత్యామ్నాయం, చద్దన్నం. నిరంతరాయంగా నడిచిన కాలం, యాభై రెండేళ్ళు. మధ్యలో ఆగిన సందర్భం, టైఫాయిడు, మూడు వారాలు. చివర స్టిక్కరు ఇచ్చారు. ఎస్ నలభై ఎనిమిది.

శుక్రవారం వాసంతి ఆటో దిగింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని, గుమ్మంలో నిలబడిన తల్లిని ఎగాదిగా చూసింది.

"జాకెట్టు మీద అదేందమ్మా?"

"నంబరు."

"లారీకున్నట్టు! వెనకాల హారన్ కొట్టమని గూడా రాయించుకోకపోయావా?"

"గమ్మునుండు. నీకు గూడా వేస్తారు."

"నాకెందుకు? నేనేం పాపం చేశాను?"

"లోపల ఉండాలంటే వెయ్యాలి. నాలుగు వారాలు ఓర్చుకో తల్లీ. ఒక ముక్క కాగితమే గదా."

కౌండిన్య టేపుతో వచ్చాడు. కొలుస్తూ కొలుస్తూ పొట్ట దగ్గర ఆగి, జీపు దగ్గరికి పరిగెత్తాడు. "సార్, ఒక సర్వరు లోపల ఇంకో సర్వరు ఉండొచ్చు. వర్చువల్ అంటారు. విడిగా లెక్కెయ్యొచ్చు సార్!"

పరాంకుశరావు కళ్ళు చెమర్చాయి. నలభై తొమ్మిది, యాభై. లక్ష్యం పూర్తయింది. వాసంతికి రెండు స్టిక్కర్లు వేశారు.

ఆ తర్వాత మస్తాను రోజూ పొద్దున వెనక గదికి అడ్డంగా కట్టిన తడికె పక్కన నిలబడి అరవాలి. "నలభై ఎనిమిదీ, ఉన్నావా?"

"ఉన్నా."

"నలభై తొమ్మిదీ?"

"చలికి చచ్చా. ఉన్నా."

"యాభై?"

"తన్నింది, రాసుకో మామా."

ముగ్గురికీ పచ్చ దీపం వేసేవాడు. మిగతా నలభై ఏడింటినీ కూడా పేరుపేరునా పిలిచేవాడు. ఒక్కటీ పలికేది కాదు. వాటికి ఎర్ర దీపం. గోడ మీద పెద్ద పలక నిండా ఎర్రగా, కింద మూల మూడు పచ్చచుక్కలు.

బయట మే నెల ఎండకు తారు కరుగుతోంటే వెనక గదిలో వాసంతి రెండు దుప్పట్లు కప్పుకుని వణికేది. ఇక వాళ్ళకు అరుగు మీదికి రావడం కూడా లేదు. సందర్శకులు వస్తారు, పోతారు. పరికరాలు పోకూడదు. పరికరము బయటకు వెళ్ళవలెనన్న మూడు రోజుల ముందు ఫారం పెట్టుకోవాలి. కూరగాయలు మస్తానే తెచ్చేవాడు. నీళ్ళ చెంబు కిటికీలోంచి అందించేవాడు. కిటికీని గురించి సర్క్యులరులో లేదు.

అంకమ్మ ముందుచూపున్న మనిషి. కూతుర్ని ఆసుపత్రికి తీసుకుపోవడానికి ముందుగానే ఫారం పెట్టింది. తరలింపు తేదీ అన్నచోట 'నొప్పులొచ్చిన రోజు' అని రాయించింది. ఫారం తిరిగొచ్చింది. 'తేదీని స్పష్టముగా పేర్కొనవలెను.' డాక్టరమ్మ చెప్పిన తేదీ వేసి మళ్ళీ పంపింది. మళ్ళీ తిరిగొచ్చింది. 'సదరు తేదీ ఆదివారము.'

* * *

గురువారం ప్రిన్సిపల్ సెక్రటరీ గారు తనిఖీకి వచ్చారు. పరాంకుశరావు దండ వేశాడు. సెక్రటరీ గారు దండతోనే పలక ముందు నిలబడ్డారు.

"నలభై ఏడు ఎర్రగా ఉన్నాయేం?"

"అవి సంపూర్ణ విశ్రాంతి స్థితిలో ఉన్నవి సార్. మన చల్లదనము అటువంటిది."

"ఆ మూడు?"

"నిరంతరాయముగా స్పందించుచున్నవి సార్. కరెంటు అక్కర్లేదు. స్థానికముగా లభ్యమగును."

సెక్రటరీ గారు ముచ్చటపడ్డారు. తామే స్వయంగా తడికె దగ్గరికి వెళ్ళి, "నలభై ఎనిమిదీ!" అని పిలిచారు.

"ఉన్నా," అంది అంకమ్మ.

"అద్భుతం. సోమవారం మంత్రిగారిని తీసుకొస్తాను. ఈ మూడూ ఇలాగే పచ్చగా ఉండాలి."

అప్పుడే వాసంతి కేకేసింది. తడికె వెనకనుంచి చాప మీద గాజుల చప్పుడు వినబడింది. అంకమ్మ తడికె నెట్టుకుని ముందు గదిలోకి వచ్చింది. "సార్, పిల్లకు నొప్పులొస్తన్నాయి. ఆసుపత్రికి పోవాలి. మస్తానూ, ఆటో!"

గుమ్మం దగ్గర మస్తాను కుర్చీలోంచి లేచి, ఎవరి వంకా చూడకుండా వీధిలోకి పరిగెత్తాడు.

"ఫారం?" అన్నాడు పరాంకుశరావు అలవాటుగా.

"రెండుసార్లు పెట్టాను. రెండుసార్లు మీరే తిప్పికొట్టారు."

"తొలి కానుపు నిదానమమ్మా. ఒక్క మూడు రోజులు ఓపిక పట్టినచో..."

"మీ ఇంట్లో ఆడాళ్ళు మూడు రోజులు పట్టారా సార్?"

సెక్రటరీ గారు చెయ్యెత్తారు. ఆయన దయగల మనిషి. "తీసుకువెళ్ళనివ్వండి. మానవతా దృక్పథం ముఖ్యం. అయితే పరాంకుశరావు గారూ, మీ నిబంధనావళిలో ఏదో ఉండాలే, ఒక సర్వరు పోతే?"

"ఉంది సార్. పదకొండవ నిబంధన. ఒక సర్వరు తొలగినచో తక్షణమే దాని స్థానములో వేరొక సర్వరు స్పందించవలెను. నేనే రాశాను."

"చాలా బాగా రాశారు. మూడు పోతున్నాయి. మూడు చూపించండి. చూపిస్తేనే నేను సంతకం పెట్టగలను."

పరాంకుశరావు అరల వంక చూశాడు. రేడియో వంక చూశాడు. సెక్రటరీ గారు మాత్రం పరాంకుశరావు వంక చూస్తున్నారు.

"తమరి వేడి ఎంత ఉంటుంది?" అన్నారు మృదువుగా.

"సార్?"

"శాస్త్రం అందరికీ ఒకటే గదా. వంద వాట్లు. పిలిస్తే పలుకుతారు. ఇంజనీరు గారు కూడా పలుకుతారు. సోమవారం దాకానే."

నలభై ఎనిమిదో స్టిక్కరు కౌండిన్య చొక్కాకు అంటింది. అతను తన ఎత్తు తనే కొలుచుకుని ఫారంలో రాసుకున్నాడు. నలభై తొమ్మిదో స్టిక్కరు పరాంకుశరావు చొక్కా జేబు మీద అంటించారు. సెక్రటరీ గారు ఒక్కొక్కరినీ పిలిచి చూశారు. ఇద్దరూ "ఉన్నాను సార్" అన్నారు. రెండు దీపాలూ పచ్చగానే ఉన్నాయి.

"యాభయ్యోది?"

"అది వర్చువల్ సార్," అన్నాడు కౌండిన్య. "అది నలభై తొమ్మిది లోపల ఉండాలి."

అందరూ పరాంకుశరావు పొట్ట వంక చూశారు. సదస్సుల భోజనాలతో అది కొంచెం ముందుకు వచ్చిన మాట నిజమే. ఆయన ఏదో అనబోయాడు. రాసింది తనే గనుక ఆగిపోయాడు. సెక్రటరీ గారు మూడో స్టిక్కరును తమ చేత్తోనే ఆ పొట్ట మీద అంటించి, ముడతలు పోయేలా సర్దారు.

"పిలవండి," అన్నారు.

కౌండిన్య మోకాళ్ళ మీద కూర్చున్నాడు. డైరెక్టరు గారి బొడ్డు దగ్గరికి నోరు పెట్టి, వినయంగా, "యాభై గారూ, ఉన్నారా?" అన్నాడు. అని, చెవి ఆనించాడు. సెక్రటరీ గారు కూడా వంగారు. పరాంకుశరావు ఊపిరి బిగబట్టాడు. జవాబు కోసం ముగ్గురూ కదలకుండా వింటున్నారు.

వీధిలో ఆటో వచ్చి ఆగింది. అంకమ్మ కూతురి చెయ్యి తన భుజం మీద వేసుకుని, చెవులొగ్గి ఉన్న ఆ ముగ్గురి పక్కనుంచి నడిచి, కుర్చీ మీద తెరిచి ఉన్న రిజిస్టరును దాటి, గడప దిగి వెళ్ళిపోయింది.